మాట ఆగిన చోట: 'ది ఎండ్‌లెస్ రివర్' ఆల్బమ్ గురించి

పాట అంటే మనకు ముందు మాటే గుర్తొస్తుంది. "ఆ పాట ఏది?" అని ఎవరైనా అడిగితే పల్లవిలో మొదటి రెండు మాటలు చెప్తాం. రాగం పేరు చెప్పేవాళ్లు మన తరగతిలో ఒకరో ఇద్దరో ఉంటారు. అలాంటి మనకు, ఒక ఆల్బమ్‌లో 18 రచనలున్నాయి, అందులో పాడే మాటలున్నది ఒక్క దానికే అని చెప్తే, "మరి మిగతా 17 ఏం చేస్తాయి?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు.

ఆ ఆల్బమ్ పేరు 'ది ఎండ్‌లెస్ రివర్', అంటే అంతం లేని నది. ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందం దీన్ని 2014 నవంబరులో విడుదల చేసింది. మొత్తం 53 నిమిషాలు. పాతకాలపు ఎల్‌పీ రికార్డుల్లాగా దీన్ని నాలుగు వైపులుగా విభజించారు. ఒక్కో వైపులో ఉన్న ముక్కలు ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. బ్రిటన్‌లో విడుదలైన వారంలోనే అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్లింది. అయినా విమర్శకులంతా మెచ్చుకోలేదు. "పాత ఆల్బమ్‌లో మిగిలిపోయిన ముక్కలు" అని తేల్చేసిన వాళ్లూ ఉన్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో చూడాలి.

ముందు ఇది ఏ రకం సంగీతమో కొంచెం చెప్పుకుందాం. 1960ల చివర్లో ఇంగ్లండులో రాక్ సంగీతం నుంచి ఒక పాయ విడిపోయింది. దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. మూడు నిమిషాల్లో పాట ముగియాలి అనే కొలతను వీళ్లు పక్కన పెట్టేశారు. పింక్ ఫ్లాయిడ్ వాళ్లదే 1971లో వచ్చిన 'ఎకోస్' అనే రచన ఇరవై నిమిషాలు దాటి నడుస్తుంది. గిటారు, డ్రమ్స్‌తో పాటు ఆర్గాన్, సింథసైజర్, టేపు మీద పట్టిన శబ్దాలు, ఇవన్నీ అందులో సమానంగా పని చేస్తాయి. ఇంకో పాయ పేరు యాంబియెంట్. 1978లో బ్రయన్ ఈనో అనే సంగీతకారుడు విమానాశ్రయాల కోసం అని పేరు పెట్టి ఒక ఆల్బమ్ చేశారు. పట్టించుకోకపోయినా నష్టం లేకుండా, పట్టించుకుంటే ఏదో ఒకటి దొరికేలా ఉండే సంగీతం ఆయన ఉద్దేశం. గదిలో వెలుతురులాగా అది అలా ఉంటుంది. 'ది ఎండ్‌లెస్ రివర్' ఈ రెండు పాయలు కలిసే చోట ఉంది.

మాటలు లేని సంగీతం మనకేమీ కొత్త కాదు. ఇళయరాజా 1986లోనే 'హౌ టు నేమ్ ఇట్' అనే ఆల్బమ్‌లో పాట లేకుండా వాద్యాలనే మాట్లాడించారు. పెళ్లిళ్లలో నాదస్వరం వింటూనే పెరిగాం. కానీ ఒక తేడా ఉంది. నాదస్వరం మీద త్యాగరాజ కీర్తన వాయిస్తే, తెలిసినవాళ్ల మనసులో సాహిత్యం దానంతట అదే నడుస్తుంది. మా అవ్వ అయితే పెదాలు కదుపుతూ ఉంటుంది. అంటే మాట వినబడలేదు గానీ కింద ఉంది. ఈ ఆల్బమ్‌లో కింద వెతికినా మాట దొరకదు. మన సంగీతంలో దీనికి దగ్గరగా ఉన్నది ఆలాపన. సాహిత్యం లేదు, తాళం లేదు, గాయకుడు రాగంలో మెల్లగా ఒక్కో స్వరం తడుముకుంటూ వెళ్తాడు. ఆ తరువాతే మృదంగం అందుకుంటుంది. ఈ ఆల్బమ్ మొదటి పది నిమిషాలూ సరిగ్గా అలాగే నడుస్తాయి. ఆలాపన వినడం అలవాటైన చెవికి ఇది అంత దూరపు సంగీతం కాదు.

ఇది ఎలా తయారైందో తెలిస్తేనే దీని బరువు తెలుస్తుంది. 1993లో పింక్ ఫ్లాయిడ్‌లో ముగ్గురే మిగిలారు. గిటారు వాయించే డేవిడ్ గిల్మోర్, డ్రమ్స్ వాయించే నిక్ మేసన్, కీబోర్డు వాయించే రిక్ రైట్. ఎక్కువ పాటలు రాసిన రోజర్ వాటర్స్ 1985లోనే వెళ్లిపోయారు. ఈ ముగ్గురూ ఒక గదిలో కూర్చుని, ముందుగా ఏమీ అనుకోకుండా గంటల తరబడి వాయించుకుంటూ పోయారు. గిల్మోర్‌కు థేమ్స్ నది మీద ఒక పడవ ఉంది, దాంట్లోనే స్టూడియో. అక్కడ కూడా పని చేశారు. అలా వాయించిన వాటిల్లోంచి కొన్ని ఏరుకుని మాటలు చేర్చి 1994లో 'ది డివిజన్ బెల్' అనే ఆల్బమ్ తెచ్చారు. మిగిలినవి టేపుల్లో ఉండిపోయాయి. అప్పుడే ఆండీ జాక్సన్ అనే శబ్ద ఇంజనీరు వాటిలో కొన్నిటిని కలిపి ఒక పొడుగాటి యాంబియెంట్ రచనలాగా కూర్చారు గానీ అది బయటికి రాలేదు.

2008 సెప్టెంబరు 15న రిక్ రైట్ క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయనకు అప్పుడు 65 ఏళ్లు. కొన్నేళ్ల తరువాత గిల్మోర్, మేసన్ ఆ పాత టేపులను మళ్లీ తీయించారు. ఫిల్ మాంజనేరా అనే గిటారిస్టు దాదాపు 20 గంటల టేపులు వరసగా విని, పనికొచ్చేవి ఏరారు. ఆయనతో పాటు ఆండీ జాక్సన్, యూత్ అనే పేరుతో పిలిచే మరో నిర్మాత కలిశారు. ఎలక్ట్రానిక్ సంగీతంలో యూత్‌కు మంచి చెయ్యి ఉంది. గిల్మోర్, ది ఆర్బ్ అనే ఎలక్ట్రానిక్ బృందం కలిసి 2010లో చేసిన ఆల్బమ్‌కు నిర్మాత ఆయనే. తరువాత గిల్మోర్, మేసన్ 2013, 2014లలో స్టూడియోలో కూర్చుని, ఇరవై ఏళ్ల కిందటి రైట్ వాయింపుకు తోడుగా కొత్తగా వాయించారు. అంటే ఇందులో వినిపించే సంభాషణలో ఒక మనిషి 1993లో మాట్లాడుతున్నాడు, మిగతా ఇద్దరు చాలాచోట్ల 2014లో జవాబిస్తున్నారు.

రైట్ గురించి రెండు మాటలు చెప్పాలి. బృందం మొదలైన నాటి నుంచి ఉన్న మనిషి ఆయన. 1973 నాటి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'లో 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై' అనే రచన ఉంది. దాని పియానో ఆయనదే. క్లేర్ టోరీ అనే గాయని ఆ పియానో మీద ఒక్క పదం కూడా లేకుండా గొంతెత్తి పాడారు. మాట లేకుండా మాట్లాడించడం రైట్‌కు ముందు నుంచీ తెలిసిన విద్య అన్నమాట. కానీ ఆయన పేరు ఎప్పుడూ వెనక వరసలోనే ఉండేది. 1979లో 'ది వాల్' ఆల్బమ్ తయారయ్యే రోజుల్లో ఆయన్ని బృందం నుంచి తప్పించారు. ఆ ఆల్బమ్ ప్రదర్శనల్లో ఆయన జీతానికి వాయించారు. 'ది డివిజన్ బెల్' నాటికి మళ్లీ పూర్తి సభ్యుడయ్యారు. అంత కాలం పక్కన కూర్చుని వాయించిన మనిషి పోయాక, ఆయన టేపులు పెట్టుకుని ఇద్దరు పాత స్నేహితులు ఒక ఆల్బమ్ చేశారు.

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది. చనిపోయిన మనిషి పక్కన పెట్టేసిన వాటిని బయటికి తేవచ్చా? ఆయన ఒప్పుకునేవారో లేదో ఎవరు చెప్పగలరు? "మిగిలిపోయిన ముక్కలు" అన్న విమర్శ వెనక ఉన్నది కూడా ఈ అనుమానమే అనుకుంటా. మిగిలిపోయింది కాబట్టి తక్కువది అనడం మాత్రం నాకు సమ్మతం కాదు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున చద్దన్నం అవుతుంది, దానికి వేరే రుచి, వేరే బలం. అడగాల్సింది మిగిలిందా లేదా అని కాదు, దాన్ని ఎలా వడ్డించారు అని.

ఎలా వడ్డించాలో మా ఇంట్లో ఒకసారి పెద్ద చర్చే జరిగింది. మా తాత ఫోనులో మాట్లాడిన రికార్డింగు ఒకటి మా దగ్గర ఉంది. రెండు నిమిషాలు. అందులో ఆయన చెప్పేది బియ్యం బస్తా గురించే. మధ్యలో దగ్గుతారు, ఆగుతారు, "ఆ... ఏం చెప్తా ఉంటిని?" అంటారు. తాత పోయిన ఏడాదికి మా అన్న దాన్ని శుభ్రం చేసి, దగ్గులు తీసేసి, వెనక వేణువు పెట్టి అందరికీ పంపిద్దామన్నాడు. మా పిన్ని వద్దంది. "ఆ దగ్గు తీసేస్తే ఇంకెవరో మాట్లాడినట్లుంటుంది రా, అట్లే ఉండనీ" అంది. నాకు ఈ ఆల్బమ్‌ను కొలవడానికి అంతకన్నా మంచి కొలబద్ద దొరకలేదు. పోయిన మనిషి ఆగిన చోట మనమూ ఆగితే అది మర్యాద. ఆగిన ప్రతిచోటా మనం ఏదో ఒకటి నింపేస్తే ఆ మనిషి కనబడకుండా పోతాడు. ఈ కొలతతో నాలుగు వైపులూ విందాం.

మొదటి వైపు 'థింగ్స్ లెఫ్ట్ అన్‌సెడ్' అనే రచనతో మొదలవుతుంది. చెప్పకుండా వదిలేసినవి అని దాని అర్థం. ముందుగా బృంద సభ్యుల గొంతులు ముక్కలు ముక్కలుగా వినిపిస్తాయి. పాట కాదు, ఊరికే మాటలు. ఆ తరువాత నాలుగు నిమిషాల దాకా దరువు లేదు. పొగమంచు మెల్లగా విడిపోతున్నట్లు ఒక్కో శ్రుతి పరుచుకుంటుంది. తరువాత వచ్చే 'ఇట్స్ వాట్ వి డూ'లో మేసన్ డ్రమ్స్ అందుకుంటారు. తొందర లేని నడక. రైట్ సింథసైజర్ మీద ఒక చిన్న పాదం వాయిస్తారు, ఆపుతారు. ఆ ఖాళీలోకి గిల్మోర్ గిటారు వస్తుంది, అది కూడా ముగించకుండానే ఆగిపోతుంది. మళ్లీ రైట్. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుని, మాటకు మాటకు మధ్య చాలాసేపు ఊరుకుంటూ మాట్లాడుకుంటారు చూడండి, అలా ఉంటుంది. 1975లో ఈ బృందమే చేసిన 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' పోలికలు ఇందులో బాగా ఉన్నాయి. అదీ ఒక దూరమైన స్నేహితుడి కోసం చేసినదే. బృందంలో మొదట్లో ఉండి, మానసిక ఆరోగ్యం చెడి దూరమైన సిడ్ బారెట్‌ను తలచుకుని చేశారు. ఆ పోలిక వల్ల దీన్ని పాతదానికి నకలు అనేవాళ్లున్నారు. నాకు మాత్రం అదే దారిలో వెళ్లడం సబబుగానే అనిపించింది. ఒక ఇంట్లో రెండో మనిషి పోయినప్పుడు మొదటి మనిషికి చేసిన పద్ధతిలోనే చేస్తారు కదా.

మొదటి వైపు చివర 'ఎబ్ అండ్ ఫ్లో', అంటే ఆటుపోట్లు. రెండు నిమిషాలు కూడా ఉండదు. రైట్ ఎలక్ట్రిక్ పియానో మీద గిటారు తేలుతుంది, అంతే. అది ముగిసేటప్పటికి మనం 12 నిమిషాలు పైన విన్నామని గడియారం చూస్తే గానీ తెలియదు. మొత్తం ఆల్బమ్‌లో ఈ మొదటి వైపే ఉత్తమం అని నా అభిప్రాయం.

రెండో వైపు గొంతు పెంచుతుంది. 'సమ్'లో ఎలక్ట్రానిక్ శబ్దాలు గిరగిర తిరుగుతూ వస్తాయి, గిటారు పదునెక్కుతుంది. 'స్కిన్స్' మేసన్‌ది. స్కిన్స్ అంటే చర్మాలు, డ్రమ్ముల మీద బిగించేవి. ఇక్కడ డ్రమ్స్ వెనక ఉండవు, అవే నాయకుడు. మన కచేరీలో తని ఆవర్తనంలాగా అని చెప్పొచ్చు, కానీ ఇందులో లెక్కలు, ముక్తాయింపులు ఉండవు. ఒక పాత బృందం తన యవ్వనంలో చేసిన అల్లరి గుర్తు చేసుకున్నట్లు ఉంటుంది. దీని తరువాత వచ్చేది 'అన్‌సంగ్'. 1 నిమిషం 7 సెకన్లు. రచన రైట్‌ది. ఆ పేరుకు పాడబడనిది అనీ అర్థం చెప్పుకోవచ్చు, ఎవరూ పొగడని వాడు అనీ చెప్పుకోవచ్చు. జీవితమంతా వెనక వరసలో ఉన్న మనిషి ముక్కకు ఆ పేరు పెట్టి, దాన్ని ఒక్క సెకను కూడా సాగదీయకుండా వదిలేశారు. పిన్ని చెప్పిన పద్ధతి అదే.

ఆ వెంటనే 'అనిసినా' వస్తుంది. అది టర్కీ భాష మాట, జ్ఞాపకార్థం అని అర్థం. గిల్మోర్ కొత్తగా రాసింది. గిలాద్ ఆట్జ్‌మన్ శాక్సఫోన్, క్లారినెట్ వాయించారు. వినడానికి చాలా ఇంపుగా ఉంటుంది. కానీ ఇక్కడే నాకు మొదటి ఇబ్బంది. నివాళి అని పేరు పెట్టి, అన్ని వాద్యాలూ నింపి, ఎక్కడ బాధ పడాలో వేలు పెట్టి చూపిస్తారు. దానికి ముందున్న ఒక్క నిమిషపు 'అన్‌సంగ్' ఏమీ చూపించకుండానే ఆ పని చేసింది. రెండింటినీ వెంట వెంటనే విని చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మూడో వైపులో ఏడు ముక్కలు, అన్నీ కలిపి 14 నిమిషాల లోపే. అందులో ఆరు ముక్కలు రెండు నిమిషాలకు చేరవు. మొదటిదాని పేరు 'ది లాస్ట్ ఆర్ట్ ఆఫ్ కన్వర్సేషన్', మనం మరిచిపోయిన సంభాషణ అనే కళ. రైట్ పియానో, చుట్టూ సన్నటి శబ్దాలు. 1 నిమిషం 43 సెకన్లలో ముగిసిపోతుంది. ఆ వెంటే వచ్చే రెండు ముక్కలూ అంతే. కుదురుకునేలోగా లేపేస్తారు. ఈ ఆల్బమ్ మీద వచ్చిన విమర్శలో బలమున్నది ఇక్కడే. ఖాళీ వదలడం వేరు, మాట మొదలు పెట్టకుండానే వెళ్లిపోవడం వేరు. 20 గంటల టేపుల్లో ఇంకొంచెం పొడుగ్గా వాయించిన భాగాలుంటే వాటినే ఉంచి, ముక్కల సంఖ్య తగ్గించి ఉంటే బాగుండేది. 'అలాన్జీ' అనేది ఫ్రెంచి మాట, పదండి అని అర్థం. దాన్ని రెండు భాగాలుగా పెట్టారు. చురుగ్గా పరుగెత్తే గిటారు 'ది వాల్' రోజులను గుర్తు చేస్తుంది. అది గిల్మోర్ చేతివాటం, బాగానే ఉంది, కానీ ఈ సంభాషణలో దాని పని ఏమిటో నాకు తెలియలేదు.

ఆ రెండు భాగాల మధ్య ఒక అద్భుతం దాచిపెట్టారు. పేరు 'ఆటమ్ సిక్స్టీ ఎయిట్', 1968 శరదృతువు. లండన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్ అనే పెద్ద సభామందిరం ఉంది. అక్కడ గోడంత ఎత్తున గొట్టాలున్న ఆర్గాన్ ఉంది. 1969లో రైట్ దాని మీద వాయిస్తుంటే పట్టిన టేపు ఇది. అప్పటికి ఆయనకు ముప్పై కూడా లేవు. ఆ యువకుడి వాయింపు మీద అరవై ఎనిమిదేళ్ల గిల్మోర్ గిటారు పెట్టారు. 1970లో రైట్ రాసిన ఒక పాట పేరు 'సమ్మర్ సిక్స్టీ ఎయిట్', వేసవి. ఇక్కడ వేసవి శరత్తు అయింది. గిటారు ముందుకు రాదు, ఆర్గాన్ పక్కన ఒదిగి నడుస్తుంది. ఒకటిన్నర నిమిషంలో 45 ఏళ్లు పక్కపక్కన నిలబడతాయి. ఎవరైనా నన్ను ఒకే ఒక్క ముక్క వినిపించమంటే ఇదే వినిపిస్తా.

మూడో వైపు చివర 'టాకిన్ హాకిన్'. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ గురించి మనం పాఠాల్లో చదువుకున్నాం. ఆయనకు 1985లో గొంతుకు శస్త్రచికిత్స జరిగి మాట పోయింది. అప్పటి నుంచి కంప్యూటర్ గొంతుతోనే మాట్లాడారు. ఒక టెలిఫోన్ సంస్థ ప్రకటన కోసం ఆయన చెప్పిన మాటలను పింక్ ఫ్లాయిడ్ 'ది డివిజన్ బెల్'లో 'కీప్ టాకింగ్' అనే పాటకు వాడుకున్నారు, ఇక్కడ మళ్లీ వాడారు. మనుషులు మాట్లాడుకోవడం వల్లే ఏదైనా సాధించారన్నది ఆ మాటల సారం. దీని గురించి నేను చాలాసేపు ఆలోచించాను. గొంతు పోయిన మనిషి యంత్రం ద్వారా మాట్లాడుతున్నాడు. అదే రచనలో ప్రాణం పోయిన మనిషి టేపు ద్వారా వాయిస్తున్నాడు. ఎలక్ట్రానిక్ సంగీతం అంటే ప్రాణం లేనిది, యంత్రం చేసేది అని మన పెద్దవాళ్లు కొందరు కొట్టిపారేస్తారు. ఈ మూడున్నర నిమిషాలు వాళ్లకు వినిపించాలి. ఇక్కడ యంత్రం లేకపోతే ఇద్దరి గొంతూ మనకు చేరేది కాదు.

నాలుగో వైపుకు వచ్చాం. ఈ వైపున ఉన్న నాలుగు రచనలకూ రచయితల పేర్లలో రైట్ పేరు కనబడదు. అది చెవికి కూడా తెలుస్తుంది. 'కాలింగ్' చీకటి గదిలో ఎవరినో పిలుస్తున్నట్లు మొదలవుతుంది, ఎలక్ట్రానిక్ శబ్దాలతో భయపెడుతుంది, బాగుంది. 'సర్ఫేసింగ్', అంటే నీళ్లలోంచి పైకి తేలడం, పేరుకు తగ్గట్టే గుండె తేలికవుతుంది. ఆ తరువాత ఆఖరి రచన, ఈ ఆల్బమ్ మొత్తానికి ఒకే ఒక్క పాట: 'లౌడర్ దాన్ వర్డ్స్'. మాటలకన్నా గట్టిగా అని అర్థం. మాటలు రాసింది పాలీ శామ్సన్, రచయిత్రి, గిల్మోర్ భార్య. బృందంలో వాళ్లు ఎంత పోట్లాడుకున్నా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోయినా, కలిసి వాయించినప్పుడు పుట్టేది మాటలకన్నా పెద్దది అని ఆ పాట భావం.

పాటగా మంచి పాటే. రైట్ కీబోర్డు కూడా అందులో ఉంది. ఒక బృందం తన అభిమానుల దగ్గర సెలవు తీసుకుంటూ నాలుగు మాటలు చెప్పాలనుకోవడంలో తప్పు లేదు, ఇదే ఆఖరి ఆల్బమ్ అని గిల్మోర్ ముందే చెప్పారు కూడా. అయినా నా అభ్యంతరం చెప్తా. 46 నిమిషాలు మాట లేకుండా చూపించిన దాన్ని ఆఖరి ఆరు నిమిషాల్లో మాటల్లో వివరించారు. మాటలకన్నా వాయిద్యమే గట్టిది అని మాటల్లోనే చెప్పాల్సి వచ్చింది. లెక్క చేసి జవాబు రాబట్టిన పిల్లవాడికి టీచరు మళ్లీ జవాబు చెప్పినట్లు ఉంది. 'సర్ఫేసింగ్' దగ్గరే ఆపేసి, ఈ పాటను విడిగా విడుదల చేసి ఉంటే, ఆల్బమ్ మన మీద ఇంకొంచెం నమ్మకం పెట్టినట్లు ఉండేది. రైట్‌కు సంబంధించిన సంభాషణ మూడో వైపుతోనే ముగిసింది, నాలుగో వైపు గిల్మోర్ ఒక్కరే మాట్లాడుతున్నారు అనుకుని వింటే కాస్త సరిపోతుంది.

అట్ట మీది బొమ్మ గురించి చెప్పకపోతే వ్యాసం పూర్తి కాదు. మేఘాలే సముద్రంలా పరుచుకుని ఉంటాయి, వాటి మీద ఒక మనిషి పడవలో నిలబడి సూర్యుడి వైపు తెడ్డు వేస్తుంటాడు. ఈ ఊహ అహ్మద్ ఇమాద్ ఎల్దిన్ అనే ఈజిప్టు కుర్రాడిది. అప్పుడు ఆయన వయసు 18, మన పై తరగతుల అన్నలు, అక్కల ఈడే. అంత పెద్ద బృందం తన ఆఖరి ఆల్బమ్ ముఖచిత్రాన్ని పేరు లేని ఒక కుర్రాడి దగ్గర తీసుకుంది. బొమ్మలు గీసే మన మిత్రులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

"సంగీతానికి భాష లేదు" అని వక్తృత్వ పోటీల్లో అందరం చెప్తుంటాం. ఈ ఆల్బమ్ విన్నాక ఆ మాట సగమే నిజం అనిపిస్తోంది. మా హోసూరులో బస్సు ఎక్కితే తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిన పడతాయి. ఒక భాష సరిగ్గా రాకపోయినా, ఎదుటి మనిషి అడుగుతున్నాడా, విసుక్కుంటున్నాడా, వేళాకోళం చేస్తున్నాడా అన్నది గొంతును బట్టి పట్టేస్తాం. అది పుట్టుకతో రాలేదు, రోజూ వింటూ నేర్చుకున్నాం. మాటలు లేని సంగీతం కూడా అంతే. ఎక్కడ ప్రశ్న అడుగుతోంది, ఎక్కడ జవాబు చెప్తోంది, ఎక్కడ చెప్పలేక ఊరుకుంది అన్నది వింటూ వింటూ పట్టుబడాలి. భాష ఉంది, దానికి నిఘంటువు లేదు, అంతే. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో ఇంకో భాష నడిపే మనలాంటి పిల్లలకు ఈ విద్య కొంచెం తొందరగానే అబ్బుతుందని నా నమ్మకం.

తల్లిదండ్రులకు ఒక మాట. రాక్ అంటే చెవులు పగిలే గోల అనే భయం ఈ ఆల్బమ్ విషయంలో అక్కర్లేదు. రెండో వైపు కాస్త హోరు తప్ప మిగతాదంతా మెల్లగానే నడుస్తుంది. సంగీతం టీచర్లకు ఒక మనవి. ఆలాపన పాఠం చెప్పిన రోజు 'ఇట్స్ వాట్ వి డూ' కూడా తరగతిలో వినిపించి, రెండింటికీ పోలిక ఎక్కడ, తేడా ఎక్కడ అని పిల్లల్ని అడగండి. మంచి చర్చ జరుగుతుంది.

మిత్రులారా, మొత్తం మీద నా తీర్పు ఇది. 'ది ఎండ్‌లెస్ రివర్' పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లలో గొప్పది కాదు. మూడో వైపులో చాలా ముక్కలు తొందరగా తెగిపోయాయి, నాలుగో వైపు దారి మారింది. కానీ పోయిన స్నేహితుడి కోసం చోటు వదిలి, ఆ చోటు చుట్టూ జాగ్రత్తగా వాయించిన నిమిషాలు ఇందులో పాతిక దాకా ఉన్నాయి. అలాంటివి వేరే చోట నాకు ఇన్ని దొరకలేదు. వినేటప్పుడు రచనలను విడివిడిగా ఎంచుకోకండి, ఫోనులో వరస మార్చే మీట నొక్కకండి, మధ్యలో ప్రకటనలు వచ్చే చోట వినకండి. ఒక్కో వైపు పదమూడు పద్నాలుగు నిమిషాలే. ఒక రోజు మొదటి వైపు మాత్రం విని ఆపేయండి. మరుసటి రోజు 'అన్‌సంగ్', ఆ తరువాత 'ఆటమ్ సిక్స్టీ ఎయిట్'. అప్పుడు నాలుగో వైపు గురించి నేనన్నది మీకు ఒప్పో కాదో రాయండి. ఆఖరి పాటే అన్నిటికన్నా బాగుందని మా తరగతిలో ఇద్దరు ఇప్పటికే నాతో వాదిస్తున్నారు. వాళ్ల వాదం వచ్చే సంచికలో చదవాలని నాకూ ఉంది.